సెమినార్‌కి సలహా సంఘం: బ్రోచర్‌లో పేర్లకా, పనికా?

మేడమ్, మీ సందేహం నాకు అర్థమైనంతలో ఇది. గుంటూరులో ఒక ఎయిడెడ్ డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతున్నారు. వచ్చే ఫిబ్రవరిలో రెండు రోజుల జాతీయ సెమినార్ పెట్టాలని, మీరే కన్వీనర్ అని ప్రిన్సిపాల్ గారు చెప్పారు. "ముందు అడ్వైజరీ కమిటీ వేయండి, ఓ ఇరవై పెద్ద పేర్లు ఉండాలి, బ్రోచర్ నిండుగా కనపడాలి" అన్నారు. పైసా ఇవ్వకుండా పెద్దవాళ్లని ఏమని అడగాలి, ఒప్పుకున్నాక వాళ్ల చేత ఏం చేయించుకోవాలి, అసలు ఈ తతంగం అవసరమా అని అడిగారు.

అవసరమే. కాకపోతే ఇరవై మంది అక్కర్లేదు, ఏడెనిమిది మంది చాలు. వాళ్లతో రెండు పనులుంటాయి. మీకు తెలియని సంగతులు ముందుగా చెప్పడం ఒకటి. మీరు పైవాళ్లకి చెప్పలేని "కుదరదండీ" అనే మాటను మీ తరఫున చెప్పడం రెండోది. ఈ రెండో పని గురించి ఎవరూ మాట్లాడరు కానీ, ఉద్యోగంలో జూనియర్‌గా ఉండి కన్వీనర్ అయినవాళ్లకి అసలు ఉపయోగం అక్కడే ఉంది. రెండూ జరగాలంటే నిర్ణయాలు అయిపోకముందే వాళ్లని అడగాలి. బ్రోచర్ ప్రింటయ్యాక పీడీఎఫ్ పంపించి "మీ అమూల్యమైన సలహాలు ఇవ్వగలరు" అంటే వచ్చేది దండం బొమ్మ ఒక్కటే.

విజయవాడ, గుంటూరు కాలేజీల్లో కన్వీనర్‌గా చేశాను, ఇలాంటి సంఘాల్లో సభ్యుడిగానూ కూర్చున్నాను. రిటైరయ్యాక కూడా పిలుస్తూనే ఉన్నారు. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. మన దగ్గర మూడు రకాల పనుల్ని కలిపేసి "కమిటీ" అనేస్తారు. బస, భోజనం, హాలు, మైకు చూసేది ఆహ్వాన సంఘం. పెద్ద సభ అంటే ముందు ఆహ్వాన సంఘం వేయడం ఆంధ్ర మహాసభ రోజుల నుంచీ అలవాటు. 1913లో ఆ తొలి మహాసభ జరిగింది మన బాపట్లలోనే. కాబట్టి ఆ పని ఎలా చేయాలో మన ఊళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. వచ్చిన పేపర్లు చదివి ఏది తీసుకోవాలో తేల్చేది ప్రోగ్రామ్ కమిటీ. ఈ రెండింటికీ అధికారం ఉంటుంది, బాధ్యత కూడా ఉంటుంది. సలహా సంఘానికి ఈ రెండూ ఉండవు. అది చెబుతుంది, మీరు వింటారు, ఆ తర్వాత నిర్ణయం మీది. ఈ గీత మొదట్లోనే గీయకపోతే రెండు రకాలుగానూ ఇబ్బందే. ఒకాయన "నేను కమిటీలో ఉన్నాను, మా వాడి పేపర్ ఎందుకు రాలేదు" అంటారు. ఇంకోవైపు ఏదైనా తేడా వస్తే మీ కాలేజీ వాళ్లే "అడ్వైజర్లు చెప్పారు, చేశాం" అని తప్పుకుంటారు.

ఇక వాళ్లు నిజంగా పనికొచ్చే చోట్లు. మొదటిది సెమినార్ అంశం.

ఒక కాలేజీ సలహా సంఘం జూమ్ మీటింగులో ఉన్నాను. ఆంధ్రుల చరిత్ర, సంస్కృతి, బహుముఖ దృక్పథాలు అంటూ రెండు లైన్ల టైటిల్ స్క్రీన్ మీద పెట్టారు. కింద ఉప అంశాలు ఇరవైకి పైనే ఉన్నాయి: శాసనాల నుంచి సినిమా దాకా. అందరం "బాగుంది, బాగుంది" అంటున్నాం. సంఘంలో ఒక రిటైర్డ్ లైబ్రేరియన్ ఉన్నారు, అంతసేపూ మ్యూట్‌లోనే ఉన్న ఆవిడ మైకు ఆన్ చేసి, "ఈ టైటిల్ కిందికి రాని పేపర్ ఒకటి చెప్పండి సార్" అన్నారు. కన్వీనర్ నవ్వి ఊరుకున్నారు. ఎవరికీ ఏమీ తోచలేదు. అప్పుడు ఇరిగేషన్‌లో ఇంజినీరుగా చేసి రిటైరైన ఇంకొకాయన, "కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది, సాగర్ కాలువలకి నీళ్లు వదిలింది 1967లో. ఈ రెంటి మధ్య కాలంలో మన పల్లెలు ఎలా మారాయో ఎవరైనా పని చేశారా?" అని అడిగారు. అక్కడి నుంచి మాట సాగింది. కాలువ వచ్చిన ఊరు, రాని ఊరు, మాగాణి ధర, ఇక్కడ పొలాలమ్ముకుని తుంగభద్ర ఆయకట్టుకి వెళ్లి క్యాంపులు కట్టుకున్న కుటుంబాలు, 1921-22లో పెదనందిపాడు పన్ను నిరాకరణ. గంటలో సెమినార్ అంశం కృష్ణా డెల్టాలో నీరు, భూమి, వలసలు అనే చోటికి వచ్చి ఆగింది.

అబ్‌స్ట్రాక్టులు, అంటే ముందుగా పంపే పేపర్ల సారాంశాలు, తగ్గాయి, నిజమే. మొదట్లో మేనేజ్‌మెంట్ కొంచెం ముఖం చిట్లించుకుంది కూడా. కానీ వచ్చిన పేపర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నాయి. పొద్దున ఒకరు చెప్పిన శిస్తు లెక్కని మధ్యాహ్నం ఇంకొకరు కాదన్నారు. సెమినార్ అంటే జరగాల్సింది అదే కదా. ఇది కన్వీనర్‌కి తెలివి లేక కాదు. ఆయన డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఒకే రకం పుస్తకాలు చదివినవాళ్లు, ఒకే స్టాఫ్‌రూమ్‌లో కూర్చునేవాళ్లు. బయటి కన్ను పడితే తప్ప టైటిల్ అంత వదులుగా ఉందని కనపడదు.

రెండోది తేదీ. నవ్వకండి, చాలా సెమినార్లు ఇక్కడే దెబ్బతింటాయి. మీరు ఫిబ్రవరి అన్నారు. మంచి నెలే, ఎండలు ఇంకా ముదరవు. కానీ ఫిబ్రవరిలో మాఘమాసం పెళ్లిళ్లుంటాయి. ముహూర్తాల రోజుల్లో గుంటూరులో మంచి వంటవాళ్లు దొరకరు, లాడ్జీల్లో గదులు దొరకవు. శివరాత్రి దగ్గర పడితే కోటప్పకొండ తిరునాళ్లకి ఆర్టీసీ వాళ్లు స్పెషల్ బస్సులు మళ్లిస్తారు, మామూలు సర్వీసులు పలచబడతాయి. మీ క్యాంపస్‌లో జూనియర్ కాలేజీ కూడా ఉంటే ఇంటర్ ప్రాక్టికల్స్, ఆ వెనకే పబ్లిక్ పరీక్షలు. హాళ్లు మీ చేతిలో ఉండవు. పోనీ ముందుకు జరుపుదామంటే సంక్రాంతి. ఇంకా ముందుకంటే డిసెంబరు తుఫాన్ల భయం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తీరం దాటింది బాపట్ల దగ్గరే. దసరా నవరాత్రుల్లో విజయవాడ సంగతి చెప్పక్కర్లేదు, ఇంద్రకీలాద్రి జనంతో ఊరంతా కిక్కిరిసి ఉంటుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, ఆ నెలలో కార్యక్రమాలు పెట్టుకున్నవాళ్లు ఎంత టెన్షన్ పడ్డారో ఊహించుకోండి.

ఇవన్నీ మీకూ తెలుసు. కానీ కన్వీనర్ హడావిడిలో ఉన్నప్పుడు గుర్తురావు. కాగితం మీద ఖాళీగా కనిపించిన రెండు రోజులు పట్టుకుని ఫ్లెక్సీకి ఆర్డరిచ్చేస్తాం. ఊళ్లో కార్యక్రమాలు నడిపిన అలవాటున్న ఒక మనిషి సంఘంలో ఉంటే పంచాంగం, పరీక్షల షెడ్యూలు పక్కపక్కన పెట్టుకుని పది నిమిషాల్లో తేల్చేస్తారు. అలాంటివాళ్లే ఇంకో సంగతి కూడా చెబుతారు: బయటి రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్లలో ఎక్కువమంది దిగేది గుంటూరులో కాదు, విజయవాడ జంక్షన్‌లో, లేదంటే గన్నవరం ఎయిర్‌పోర్టులో. కాబట్టి మీ స్టూడెంట్ వాలంటీర్ల బల్ల గుంటూరు స్టేషన్‌లో పెట్టి లాభం లేదు. జంక్షన్ దగ్గర ఇద్దరు పిల్లల్ని నిలబెట్టండి. నెహ్రూ బస్టాండ్‌కి ఎలా వెళ్లాలో, అక్కడ గుంటూరు నాన్‌స్టాప్ ఎక్కడ ఆగుతుందో వాళ్లే దగ్గరుండి చెబుతారు.

ఎవరిని తీసుకోవాలన్నది తర్వాతి మాట. వైస్ ఛాన్సలర్లు, డీన్లు అయితేనే బరువు అనుకుంటారు. ఒకరుంటే చాలు, అది కూడా మాజీ అయితే ఇంకా మంచిది. మాజీలకి టైముంటుంది, ఎవరికీ భయపడక్కర్లేదు. తర్వాత మీ అంశం మీద నిజంగా పని చేసిన ఇద్దరు. వాళ్లలో ఒకరైనా గుంటూరు, విజయవాడల బయటివాళ్లయి ఉండాలి. ఈ మధ్యే సెమినార్ నడిపిన ఇంకో కాలేజీ కన్వీనర్ ఒకరు. ఆ తలనొప్పులన్నీ ఆవిడకి ఇంకా పచ్చిగా గుర్తుంటాయి, మీకు కావాల్సింది అదే. ఒక లైబ్రేరియన్ లేదా ఆర్కైవ్స్ తెలిసినవాళ్లు. మీది చరిత్ర కాబట్టి వేటపాలెం సారస్వత నికేతనం లాంటి చోట పాత పత్రికలు తిరగేసిన వాళ్లెవరైనా దొరికితే వదలకండి. 1918 నాటి ఆ గ్రంథాలయానికి రెండో రోజు మధ్యాహ్నం బస్సు వేసి తీసుకెళ్దామనే ఆలోచన అలాంటివాళ్లకే వస్తుంది, ప్రొఫెసర్లకి రాదు.

ఇంకా ఒక రీసెర్చ్ స్కాలర్‌ని తప్పకుండా తీసుకోండి. పేపర్ చదవడానికి వచ్చేవాళ్లలో సగం మంది వాళ్లే. రిజిస్ట్రేషన్ ఫీజు ఎంతైతే భారమో, హాస్టల్ గది ఇస్తే వస్తారో రారో ఫెలోషిప్ లేని పీహెచ్‌డీ అమ్మాయి ఒక్క ముక్కలో చెబుతుంది. ఈ ప్రశ్న ప్రొఫెసర్లని అడిగితే తమ రోజుల సంగతులు చెప్పుకొస్తారు.

ఇంకొకరి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి: డీటీపీ, ప్రింటింగ్ తెలిసినవాళ్లు. గుంటూరులో చరిత్ర సెమినార్ అంటే తెలుగులో పేపర్లు వస్తాయి, రావాలి కూడా. స్థానిక చరిత్ర మీద మంచి పని చేసినవాళ్లలో చాలామంది ఇంగ్లిష్‌లో రాయరు. సరే, తెలుగు పేపర్లు తీసుకుంటామని ప్రకటించారనుకోండి. కొన్ని అను ఫాంట్లలో (డీటీపీ వాళ్లు వాడే పాత తెలుగు ఫాంట్లు) వస్తాయి, కొన్ని యూనికోడ్‌లో (ఫోన్లలో, నెట్‌లో వాడేది). కొన్ని వాట్సాప్‌లో ఫొటోలుగా వస్తాయి. ప్రెస్ వాళ్లేమో పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో అను కావాలంటారు. మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోతాయి, ఫుట్‌నోట్లు మాయమవుతాయి, శాసన పాఠాలైతే ఇక చెప్పక్కర్లేదు. పేపర్ల సంచిక బయటికి రావడం సెమినార్ అయ్యాక ఏడాది దాటిపోయేది ఎక్కువసార్లు ఇందుకే. విజయవాడలో ఏళ్లుగా పుస్తకాలు వేస్తున్న మనిషిని ఒకరిని సంఘంలో కూర్చోబెట్టి, పేపర్లు ఏ ఫాంటులో, ఏ ఫైలుగా పంపాలో మొదటి ప్రకటనలోనే రాయించండి. ఆయనకి డాక్టరేట్ ఉండదు. బ్రోచర్‌లో ఆయన పేరు కింద ఏం రాయాలని ఎవరో అడుగుతారు. "ప్రచురణకర్త" అని రాయండి, సరిపోతుంది. తెలుగు పేపర్లు చదివి తేల్చగలవాళ్లు మీ ప్రోగ్రామ్ కమిటీలో ఉన్నారా అని కూడా సలహా సంఘాన్నే ముందు అడగండి. లేకపోతే తెలుగువన్నీ చదవకుండానే తీసుకోవడమో, చదవకుండానే పక్కన పెట్టడమో జరుగుతుంది.

ఇప్పుడు ఆ రెండో ఉపయోగం, "కుదరదండీ" సంగతి.

ప్రారంభ సభ మీరూ చూసే ఉంటారు. పదింటికని కార్డులో ఉంటుంది. ముఖ్య అతిథి పదకొండుకి వస్తారు. డయాస్ మీద పద్నాలుగు కుర్చీలు. ప్రార్థన, జ్యోతి ప్రజ్వలన, ఒక్కొక్కరికీ పరిచయం, ఒక్కొక్కరికీ శాలువా, మెమెంటో, మళ్లీ అందరితో కలిసి ఫొటో. తర్వాత ఒక్కొక్కరూ "సమయాభావం వల్ల క్లుప్తంగా" అంటూ మొదలుపెట్టి ఇరవై నిమిషాలు. కీనోట్ (కీలకోపన్యాసం) ఇవ్వడానికి ఎక్కడి నుంచో రైలెక్కి వచ్చిన ప్రొఫెసర్ గారికి మైకు అందేసరికి ఒంటిగంట. పక్క హాల్లో సాంబారు వాసన. మధ్యాహ్నం టెక్నికల్ సెషన్‌లో పేపరుకి నాలుగు నిమిషాలు. అనంతపురం నుంచి రాత్రంతా బస్సులో వచ్చిన పిల్లాడు మూడో స్లైడ్ దగ్గర ఉండగానే చైర్‌పర్సన్ గారు బెల్లు కొడతారు.

ఇది మార్చాలని కన్వీనర్‌కి ఉంటుంది. కానీ సెక్రటరీ అండ్ కరస్పాండెంట్ గారి దగ్గరికి వెళ్లి, "డయాస్ మీద ఐదుగురే ఉండాలి, శాలువాలు వద్దు" అని అసిస్టెంట్ ప్రొఫెసర్ చెప్పగలరా? చెప్పలేరు. అదే మాట సలహా సంఘం మినిట్స్‌లో ఉంటే వేరు. "ప్రారంభ సభ 45 నిమిషాలు మించరాదు, వేదికపై ఐదుగురు, సన్మానాలన్నీ ముగింపు సభలో అని సంఘం ఏకగ్రీవంగా సూచించింది" అని రాసి, మాజీ వీసీ గారి చేత ప్రిన్సిపాల్‌కి ఒక ఫోన్ చేయిస్తే పని జరుగుతుంది. పూర్తిగా జరక్కపోవచ్చు. పద్నాలుగు కుర్చీలు ఎనిమిదవుతాయి. అయినా గంట మిగిలినట్టే కదా. మేనేజ్‌మెంట్ వాళ్లకి కూడా ఇది ఒక సాకుగా పనికొస్తుంది: కుర్చీ దొరకని పెద్దమనిషికి "కమిటీ వాళ్లు పెట్టిన రూల్ అండీ" అని చెప్పుకోవచ్చు.

"జాతీయ"ని "అంతర్జాతీయ" చేయమనే ఒత్తిడి కూడా రావచ్చు. అధ్యాపకుల నియామకాలు, ప్రమోషన్లకి సంబంధించిన యూజీసీ 2018 నిబంధనల్లో పేపర్ ప్రెజెంటేషన్‌కి జాతీయ సెమినార్ అయితే 3 పాయింట్లు, దేశంలోనే జరిగే అంతర్జాతీయ సెమినార్ అయితే 5 అని పట్టికలో ఉంది. అందుకే విదేశంలో ఉన్న మన బంధువు ఒకాయన ఆన్‌లైన్‌లో పది నిమిషాలు మాట్లాడితే సెమినార్ అంతర్జాతీయం అయిపోతోంది. కాలేజీల నాణ్యత చూసే నాక్ టీమ్ వచ్చే ఏడాదైతే ఇక చెప్పక్కర్లేదు. నిజంగా విదేశీ వక్తలు వస్తున్నారంటే కాన్ఫరెన్స్ వీసా, విదేశాంగ శాఖ, హోం శాఖ అనుమతులు, ఇదంతా నెలల పని. ఫిబ్రవరికి అది తెమిలే పనేనా కాదా అన్నది ఇదివరకు చేసిన సలహాదారు చెబితే ప్రిన్సిపాల్ గారు వింటారు, మీరు చెబితే "ట్రై చేయండి మేడమ్" అంటారు.

పేర్ల విషయంలో ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. రాతపూర్వకంగా ఒప్పుకోని మనిషి పేరు బ్రోచర్‌లో వేయొద్దు. "సార్ మనవాళ్లే, ఏమీ అనుకోరు" అని వేసేస్తుంటారు. ఇది చిన్న విషయం కాదు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ అనే సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. పరిశోధకుల పేర్లని వాళ్ల అనుమతి లేకుండా తమ సదస్సుల ప్రచారంలో వాడుకున్నారన్నది అందులో ఒక ఆరోపణ. 2019లో కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. మీ కాలేజీ మీద అలాంటి కేసు ఎవరూ వేయరు, అది వేరు. కానీ ఇవాళ జాగ్రత్తపరుడైన పరిశోధకుడు ఒక సెమినార్ అసలుదా కాదా అని చూసేటప్పుడు ముందు చూసేది సలహా సంఘం పేర్లే. అందులో ఒకరికి మెయిల్ పెట్టి "మీరున్నారా?" అని అడుగుతాడు. ఆయన "నాకు తెలియదే" అన్నారంటే మీ పరువు అక్కడితో సరి.

పేపర్ల ఎంపికలోకి సలహా సంఘాన్ని దింపకండి. ప్రమాణాలు రాయడంలో మాత్రం సాయం అడగండి. మంచి నిపుణులు కూర్చున్నా ఎంపిక ఎంత అటూ ఇటూ అవుతుందో 2014లో నిప్స్ అనే పెద్ద కంప్యూటర్ సైన్స్ సదస్సు వాళ్లు పరీక్షించి చూశారు. 166 పేపర్లని రెండు వేర్వేరు కమిటీలకి ఇస్తే 43 పేపర్ల విషయంలో రెండు కమిటీలూ చెరో మాట చెప్పాయి. ఒక కమిటీ తీసుకున్నవాటిలో సగానికి పైగా రెండో కమిటీ వద్దంది. అంత వనరులున్న చోటే అలా ఉంటే, మన దగ్గర రెండు వందల యాభై పదాల అబ్‌స్ట్రాక్టు చూసి తేల్చేటప్పుడు ఇంకెలా ఉంటుంది? అందుకని ముందే నాలుగు ప్రశ్నలు రాసిపెట్టుకోవాలి. మూలాలు ఏవి వాడారో చెప్పారా, ప్రశ్న ఒకటుందా, మన అంశం పరిధిలోకి వస్తుందా, ఇంతకుముందే అచ్చయిందా. ఈ నాలుగూ సలహా సంఘం చూసి ఖాయం చేస్తే, రేపు ఎవరి పేపర్ అయినా రాకపోయినప్పుడు చూపించడానికి మీ దగ్గర ఒక కాగితం ఉంటుంది.

ఆహ్వానం ఎలా పంపాలో అడిగారు. కాలేజీ లెటర్‌హెడ్ మీద ప్రిన్సిపాల్ సంతకంతో పంపండి, కానీ మాటలు మీవి ఉండాలి. "తమరి విశేషానుభవం మా సెమినార్‌కు వన్నె తేగలదని" లాంటివి ఒక్క వాక్యంతో సరిపెట్టి, వెంటనే పనిలోకి రావాలి. నేనైతే ఇలా రాస్తాను: "సెమినార్ ముగిసిన నెల వరకు ఈ సంఘం ఉంటుంది. మూడు ఆన్‌లైన్ సమావేశాలు, ఒక్కొక్కటి గంట. మొదటిదానిలో అంశం, తేదీలు. రెండోదానిలో వక్తలు, ప్రకటన ఎవరెవరికి చేరాలి. మూడోదానిలో కార్యక్రమ వివరం. తుది నిర్ణయం నిర్వాహక సంఘానిది. గౌరవ వేతనం ఇవ్వలేము. సెమినార్‌కు వస్తే ప్రయాణ ఖర్చులు, బస కాలేజీ భరిస్తుంది. మీ పేరు ప్రచురించడానికి అనుమతి ఇస్తున్నట్లు దయచేసి తిరుగు మెయిల్‌లో తెలియజేయండి." ఇది చదివి కొందరు కుదరదంటారు. మంచిదే, ముందే తెలిసింది. ఎంత పనో తెలిసి ఒప్పుకున్నవాళ్లు మాత్రం ఫోన్ ఎత్తుతారు.

ప్రతి సమావేశానికీ ముందు మూడు ప్రశ్నలు పంపండి, అంతకు మించొద్దు. "సెమినార్‌ని ఎలా మెరుగుపరచవచ్చు?" అని అడిగితే ఉపన్యాసం వస్తుంది. "కీనోట్‌కి ఈ ముగ్గురిలో ఎవరు, ఎందుకు?" అని అడిగితే జవాబు వస్తుంది. సమావేశం అయిన రెండు రోజుల్లో ఒక పేజీ మినిట్స్ పంపండి. వాళ్లు చెప్పినదాంట్లో ఏది చేస్తున్నారు, ఏది చేయట్లేదు, ఎందుకు అన్నది అందులో ఉండాలి. చేయలేకపోవడం తప్పేం కాదు. చెప్పకపోతేనే నొచ్చుకుంటారు, తర్వాతి మీటింగుకి లింక్ పంపినా రారు. వాట్సాప్ గ్రూపు తప్పదనుకుంటే అడ్మిన్లు మాత్రమే పోస్ట్ చేసేలా పెట్టండి. లేకపోతే గులాబీల గుడ్ మార్నింగుల కింద మీ ప్రశ్న ఎక్కడికో పోతుంది.

కొన్ని చిక్కులు మాత్రం వస్తాయి. సభ్యుడు తన శిష్యుణ్ణే కీనోట్‌కి సూచిస్తారు. సూచించడంలో తప్పు లేదు, ఆ శిష్యుడు నిజంగా సమర్థుడే కావచ్చు. ఎవరినైనా సూచించేటప్పుడు సంబంధం ఏమిటో చెప్పాలి, ఆ పేరు మీద చర్చ జరుగుతున్నప్పుడు ఆయన మాట్లాడకూడదు అని మొదటి మీటింగులోనే ఒక మాట అనుకుంటే తర్వాత ముఖాలు చూసుకోవాల్సిన పని ఉండదు. ఒకాయన ఒక్క మీటింగుకీ రారు. వెంటపడకండి, మూడు ప్రశ్నలూ ఫోన్‌లో అడిగేయండి. పెద్దవాళ్లలో కొందరికి జూమ్ నచ్చదు, ఫోన్‌లో మాత్రం అరగంట చక్కగా చెబుతారు. ఇద్దరు పెద్దలకి పడకపోతే, వాళ్లిద్దరినీ ఒకే మీటింగులో కూర్చోబెట్టి రాజీ చేసే బాధ్యత మీ నెత్తిన వేసుకోవద్దు.

డబ్బు గురించి. స్వచ్ఛందంగా వచ్చినవాళ్ల జేబులోంచి ఏదీ పోకూడదు. వాళ్లని డెలిగేట్ ఫీజు కట్టమనడం, సావనీర్‌కి యాడ్ తెచ్చిపెట్టమనడం నేను చూశాను. అంతకంటే అవమానం లేదు. గ్రాంట్ల విషయంలో మాత్రం వాళ్ల అనుభవం వాడుకోండి. మీ సబ్జెక్టుకి చరిత్ర పరిశోధన మండలి, ఐసీహెచ్ఆర్ ఉంది. హైదరాబాద్‌లో ఉస్మానియా క్యాంపస్‌లో సామాజిక శాస్త్రాల పరిశోధన మండలి ఐసీఎస్ఎస్ఆర్ దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఇదివరకు అక్కడికి దరఖాస్తు పెట్టి గెలిచినవాళ్లు సంఘంలో ఒకరుంటే మీ ప్రతిపాదన చదివి రెండు పేరాలు కొట్టేస్తారు, దానికే ఎంతో విలువ. సెమినార్ ఫిబ్రవరిలో, ఆర్థిక సంవత్సరం ముగిసేది మార్చి 31న. గ్రాంటు ఎలా ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్‌కి బిల్లులు సెమినార్ రోజునే పోగుచేసే మనిషిని ఇప్పుడే పెట్టుకోండి. క్యాటరింగ్ ఆయన ఏప్రిల్‌లో బిల్లివ్వరు.

ఇక ప్రిన్సిపాల్ గారి ఇరవై పేర్లు. ఆయనతో వాదన పెట్టుకోవద్దు. పెళ్లి శుభలేఖలో బంధువుల పేర్లలాగా కొన్ని పేర్లు ఉండి తీరాలి, ఆ లెక్క ఆయనకుంది, దాన్ని మనం మార్చలేం. బ్రోచర్‌లో "గౌరవ పోషకులు" అని ఒక శీర్షిక పెట్టండి. ఆయన చెప్పిన పెద్దలందరి దగ్గరా అనుమతి మెయిల్ తెప్పించుకుని అక్కడ వేయండి. మేనేజ్‌మెంట్, మాజీలు, దాతలు, ఎవరైనా సరే. "సలహా సంఘం" అనే శీర్షిక కింద మాత్రం పని చేసే ఆ ఏడెనిమిది పేర్లే ఉంచండి. ఫ్లెక్సీ మీద పోషకుల పేర్లు పెద్ద అక్షరాల్లో, సలహా సంఘం వాళ్లవి చిన్న అక్షరాల్లో ఉన్నా సంఘంలో ఎవరూ ఏమీ అనుకోరు. ఆ డీటీపీ ఆయన ఒక్కరే తన పేరులో అక్షర దోషం ఉందేమోనని చూస్తారు.